హైలక్స్‌కి పెద్ద డీజిల్ ట్యాంకా, మూడు జెర్రీ క్యాన్లా? (జులైలో సింప్సన్ ఎడారి)

కోనసీమ_హైలక్స్ | టార్నీట్, మెల్‌బోర్న్ | మార్చి 9, రాత్రి 10:40

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

బండి 2020 హైలక్స్ ఎస్ఆర్5, డబుల్ క్యాబ్, డీజిల్ ఆటోమేటిక్. కంపెనీ ఇచ్చిన ట్యాంకు 80 లీటర్లు. పిల్లల శీతాకాలం సెలవుల్లో సింప్సన్ ఎడారి దాటాలని ప్లాను. మౌంట్ డేర్‌లో బయల్దేరి డాల్‌హౌసీ వేడినీళ్ల మడుగు, పర్నీ బోర్, ఫ్రెంచ్ లైన్, పోపెల్ కార్నర్ మీదుగా బర్డ్స్‌విల్. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (12, 9). మౌంట్ డేర్ దాటాక మళ్లీ డీజిల్ కనపడేది బర్డ్స్‌విల్‌లోనే.

80 లీటర్లతో అవదని నాకూ తెలుసు. ఇప్పటిదాకా రెండు షాపులు తిరిగాను. ఒకరు ప్లాస్టిక్ ట్యాంకు, ఒకరు ఉక్కుది చూపించారు. రెండూ 140 లీటర్ల చుట్టుపక్కలే. పాతది తీసేసి దాని చోటే ఇది పెడతారట. ఫిట్టింగ్‌తో కలిపి 2,300 డాలర్లు చెప్పారు. ఇద్దరూ ఎదుటివాడి ట్యాంకు పనికిరాదనే చెప్పారు, కాబట్టి రెండూ బాగానే ఉంటాయనుకుంటున్నా :)

ఏది పెట్టించమంటారు? పుట్టింది గోదారి లంకలో, ఇసుకంటే భయం లేదు. దారి మధ్యలో డీజిల్ అయిపోతేనే భయం.

సిడ్నీ_చిన్నోడు | మార్చి 9, రాత్రి 11:05

పెద్దదే పెట్టించు బ్రో, ఆలోచించకు. 140 ఉంటే టెన్షనే ఉండదు. సిటీలో చవగ్గా ఉన్నప్పుడు ఫుల్ కొట్టించుకుని మూడు వారాలు నడిపేయొచ్చు, డబ్బులు దానికవే తిరిగొస్తాయి.

పానా_పదమూడు | డాండెనాంగ్ | మార్చి 10, ఉదయం 6:15

చిన్నోడూ, లెక్క ఎప్పుడైనా వేశావా? లీటరుకి 30 సెంట్లు మిగిలిందనుకో, అదనంగా పట్టే 60 లీటర్లకి 18 డాలర్లు. 2,300 వెనక్కి రావాలంటే నూట ఇరవై ఎనిమిది సార్లు నింపాలి. అసలు ఆ పైకీ కిందికీ ఊగే ధరల చక్రం సిటీల్లో పెట్రోలుకి, డీజిల్‌కి కాదు. డీజిల్ ధర మెల్లగా పెరుగుతుంది, ఇంకా మెల్లగా తగ్గుతుంది.

కోనసీమ గారూ, ట్యాంకులు బిగించడం నా పని. మీరు వస్తే నాకు నాలుగు డబ్బులు. అయినా అడుగుతున్నా: బండి మీద ఇప్పటికే ఏమేం ఎక్కించారు? బుల్ బార్ (ముందు ఇనుప బంపరు), వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), క్యానపీ (వెనక డాలా మీద మూత), డ్రాయర్లు, పైన ర్యాక్? సామాను, మనుషులతో సహా ఎప్పుడైనా కాటా మీద పెట్టారా?

కోనసీమ_హైలక్స్ | మార్చి 10, మధ్యాహ్నం 12:30

పానా గారూ, మీరడిగినవన్నీ ఉన్నాయండి. ఫ్రిజ్జు, రెండో బ్యాటరీ కూడా. కాటా మీద ఎప్పుడూ పెట్టలేదు. సస్పెన్షన్ మార్పించాను కదా, వెనక కుంగట్లేదు.

పానా_పదమూడు | మార్చి 10, మధ్యాహ్నం 12:50

కుంగకపోవడం వేరు, చట్టప్రకారం మోయగలగడం వేరు. స్ప్రింగు గట్టిదైతే బరువు కనపడదు, అంతే. మీ బండి జీవీఎం, అంటే మనుషులూ సామానూ డీజిలూ అన్నీ కలిపి మొత్తం బరువు, 3,050 కిలోలు దాటకూడదు. శనివారం కాటాకి వెళ్లండి. ఆ కాగితం లేకుండా ట్యాంకు గురించి మాట్లాడుకోవడం దండగ.

కాల్గూర్లీ_కొత్తగూడెం | మార్చి 10, రాత్రి 8:20

పానా అన్న మాట కరెక్ట్. అయితే బరువు కంటే ముందు దూరం లెక్క వెయ్యాలె. మనోళ్లు ట్యాంకు కొన్నాక దానికి తగిన రూటు వెతుకుతారు. రూటు అనుకున్నాక ట్యాంకు సంగతి చూడాలె.

నేను గనుల్లో పనిచేస్త. సింగరేణి బొగ్గు నుంచి ఇక్కడి బంగారం దాకా ఇరవై ఏండ్లుగా డీజిల్ వాసనలోనే బతుకు. సింప్సన్ రెండుసార్లు దాటిన, అన్ బీడెల్ ఎడారి దారి ఒకసారి. నా లెక్క ఇట్ల ఉంటది.

మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్, మీరు పోయే దారిలో 500 నుంచి 550 కిలోమీటర్లు. దారి తప్పుడు, దిబ్బ ఎక్కక వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కుడు, అన్నీ కలిపి 550 అనుకోండి. హైవే మీద మీ బండి వంద కిలోమీటర్లకు పదో పదకొండో తాగుతది. దాన్ని మర్చిపోండి. నిండా లోడుతో ఇసుకలో 18 లెక్కేసుకోండి. 99 లీటర్లు అయితది. దానిమీద నాలుగో వంతు రిజర్వు, ఇంకో 25. మొత్తం 124. ట్యాంకులో 80 ఉన్నా అడుగున కొన్ని లీటర్లు పంపుకు అందవు. కాబట్టి 20 లీటర్ల క్యాన్లు రెండు చాలవు, మూడు కావాలె. 80కి 60 కలిపితే 140. మీకు షాపోడు చెప్పిన పెద్ద ట్యాంకు కూడా 140.

అంటే ఈ ట్రిప్పు వరకు 2,300 డాలర్ల ట్యాంకు, రెండొందల డాలర్ల మూడు క్యాన్లు, రెండూ ఒకటే పని చేస్తయి. ఇట్లాంటి ట్రిప్పులు మళ్లీ మళ్లీ పోతరా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నలార్‌బోర్ హైవే అయితే ఈ గొడవే లేదు, రెండొందల కిలోమీటర్ల లోపలే ఏదో ఒక రోడ్‌హౌస్ వస్తది. గ్రేట్ సెంట్రల్ రోడ్డు లావర్టన్ నుంచి యులారా దాకా పదకొండు వందల చిల్లర, కానీ చుకయిర్లా, వార్‌బర్టన్, వారకుర్నాలో డీజిల్ ఉంటది, కంపెనీ ట్యాంకు చాలు. అన్ బీడెల్ వేరు. కూబర్ పీడీ నుంచి ఇల్‌కుర్ల్కా రోడ్‌హౌస్ దాకా ముప్పావు వెయ్యి కిలోమీటర్ల పైన, మధ్యలో చుక్క దొరకదు. క్యానింగ్ స్టాక్ రూట్‌లో విలూనా నుంచి కునవరిచి దాకా సుమారు వెయ్యి. పెద్ద ట్యాంకులు పుట్టింది ఇసొంటి రూట్ల కోసం.

ఆలిస్_అక్క | ఆలిస్ స్ప్రింగ్స్ | మార్చి 11, ఉదయం 7:10

నాది ప్రాడో 150. కంపెనీ నుంచే రెండు ట్యాంకులు, 87, 63, మొత్తం 150 లీటర్లు. ఏడేళ్లుగా ఈ ఊళ్లో నర్సుగా ఉన్నాను, ఇంకో ట్యాంకు కావాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. పాత ల్యాండ్‌క్రూజర్ 200కి 138 ఉండేది, కొత్త 300కి 110కి దించేశారు. బండి కొనేటప్పుడు మన కళ్లన్నీ టీవీ తెర సైజు మీదే, ట్యాంకు సైజు ఎవరూ అడగరు.

కోనసీమ తమ్ముడూ, పడమర నుంచి తూర్పుకి వెళ్తున్నావు కాబట్టి కాస్త నయం. దిబ్బలకి పడమటి వైపు వాలు తక్కువ, తూర్పు వైపు నిటారు. ఎదురు దిశలో వచ్చేవాళ్ల బండి ఎక్కువ తాగుతుంది. టైర్లలో గాలి 16, 18 పీఎస్ఐకి దించు. గాలి దించకుండా ఇసుకలో తొక్కేవాళ్లు ఎంత పెద్ద ట్యాంకు పెట్టుకున్నా అది టైరు కింద పోయడానికే.

క్యాన్ల గురించి మాత్రం నా గోడు విను. మొదటి ఏడాది స్నేహితుల బండిలో వెళ్లాం, అదీ హైలక్సే. క్యానపీలో రెండు పాత ఉక్కు క్యాన్లు, వాటి పక్కనే పది కిలోల సోనా మసూరి సంచి, మా అమ్మ పంపిన కంది పొడి డబ్బా. ఒక క్యాను మూత రబ్బరు ఎండిపోయి ఉంది, మేం చూసుకోలేదు. గతుకుల దారిలో మూడు గంటలు ఊగి ఊగి, మూత చుట్టూ చెమట పట్టినట్టు డీజిల్ ఊరింది. గ్లాసుడు కూడా పోయి ఉండదు. సంచి విప్పితే బియ్యం తెల్లగా, పొడిగానే ఉన్నాయి. అన్నం వార్చాక ఆవిరితో పాటు లారీ స్టాండు వాసన. మూడు రోజులు బ్రెడ్డు మీద బతికాం. కంది పొడి డబ్బా గాజుది కాబట్టి బతికింది.

కొత్త క్యాన్లు కొనండి, ప్రతి మూతకీ కొత్త రబ్బరు వేయించండి. క్యాబిన్ లోపల మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు.

సిడ్నీ_చిన్నోడు | మార్చి 11, ఉదయం 9:00

అక్కా, లారీ స్టాండు బిర్యానీ 😂

థార్_బెజవాడ | విజయవాడ | మార్చి 12, రాత్రి 9:30

ఆస్ట్రేలియా బ్రదర్స్ మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది థార్, 57 లీటర్లు. సెప్టెంబరులో మనాలి మీదుగా లేహ్. తాండి బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్లు" అనే బోర్డు ఫొటో చూసి ఇక్కడికొచ్చాను. మన దగ్గర ఇలాంటి ట్యాంకు పెట్టించుకోవచ్చా?

కాల్గూర్లీ_కొత్తగూడెం | మార్చి 12, రాత్రి 9:55

తమ్మీ, ఆ 365కి నీ 57 లీటర్లే ఎక్కువ. ఘాట్లో లీటరుకు తొమ్మిదే వచ్చినా 40 లీటర్లతో అయిపోతది. తాండిలో ఫుల్ చేయించి పో, కావాలంటే ఒక్క క్యాను. ట్యాంకు మాత్రం ముట్టుకోకు. కంపెనీ ఇచ్చిన రూపం మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్‌సీతో తిప్పలు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోడు ముందు చూసేది దాన్నే.

కోనసీమ_హైలక్స్ | మార్చి 15, మధ్యాహ్నం 2:10

కాటాకి వెళ్లొచ్చాను. ట్రిప్పుకి పట్టుకెళ్లే సామాను దాదాపు అంతా ఎక్కించాం, ట్యాంకు ఫుల్, నలుగురం లోపల. నీళ్ల క్యాన్లు మాత్రం నింపలేదు.

2,960.

అంటే ఇంకా 90 కిలోలే. దాన్లో నీళ్లు 40 లీటర్లకి 40 కిలోలు పోతాయి. డీజిల్ లీటరు సుమారు 840 గ్రాములట, 60 లీటర్లకి 50 కిలోలు. అక్కడికే 90 అయిపోయింది, క్యాన్ల ఉక్కు బరువు ఇంకా లెక్కలోకి రాలేదు. దారిలో కొనే ఉల్లిపాయల బస్తా సంగతి సరేసరి. వెనక ఇరుసు ఒక్కదాన్నే కాటా మీద పెట్టి చూపించాడు. దాని పరిమితికి ఇంకా దగ్గర, 40 కిలోల తేడా.

మా ఆవిడ కాగితం చూసి "ఇది నా బరువు కాదు, నీ వించ్ బరువు" అంది. నిజం చెప్పాలంటే ఆ వించ్ ఇంతవరకూ ఒక్కసారీ వాడలేదు.

పానా_పదమూడు | మార్చి 15, సాయంత్రం 6:40

మంచి పని చేశారు. ఇప్పుడు అసలు విషయానికొద్దాం, కొంచెం పెద్దగా రాస్తాను.

డీజిల్ ఎక్కడ మోసినా కిలో కిలోయే. కానీ అది బండిలో ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ఊళ్లో ఏతం చూశారుగా, ఆనిన చోటుకి ఎంత దూరంగా ఉంటే బరువు అంత ఎక్కువ పనిచేస్తుంది. క్యానపీ చివర్న, డాలా తలుపు దగ్గర క్యాన్లు పెడితే అదే జరుగుతుంది. వెనక ఇరుసు మీద వాటి సొంత బరువు కంటే ఎక్కువ పడుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. అందుకే క్యాన్లు ఎప్పుడూ క్యాబిన్ గోడకి ఆనించి, నిలువుగా, పట్టీలతో బిగించి పెట్టాలి. హైలక్స్‌కి పాత ట్యాంకు స్థానంలో వచ్చే పెద్ద ట్యాంకు రెండు ఇరుసుల మధ్యే, ఛాసీ పక్కన, కింద కూర్చుంటుంది. బరువుకి అంతకంటే మంచి చోటు లేదు. ఆ ఒక్క విషయంలో ట్యాంకుదే గెలుపు.

స్టేషన్ వ్యాగన్ల కథ వేరు. కొన్నిటికి స్టెప్నీ టైరు తీసేసి ఆ చోట అదనపు ట్యాంకు పెడతారు. అది ఇరుసుకి వెనక వేలాడుతుంది. టైరు మోయడానికి వెనక బంపరు మార్చాలి, అది ఇంకో బరువు. ట్యాంకు ధర చూసి మురిసిపోయి బంపరు బిల్లు చూసి కూలబడ్డవాళ్లు నాకు ఏటా తగులుతారు.

ఉక్కా, ప్లాస్టిక్కా? షాపుల వాళ్లు కొట్టుకున్నంత తేడా లేదు. ఉక్కు ట్యాంకులు అల్యూమినియం పూత రేకుతో వస్తాయి. రాయి తగిలితే సొట్టపడుతుంది, చిల్లు పడ్డా ఏ ఊళ్లోనైనా విప్పి కడిగి వెల్డింగ్ చేసేవాడు ఉంటాడు. సముద్రపు ఇసుకలో తిరిగేవాళ్లకి అతుకుల దగ్గర తుప్పు మొదలవుతుంది. మందపాటి పాలిమర్ (ప్లాస్టిక్) ట్యాంకు తుప్పు పట్టదు, తేలిక, దెబ్బ తగిలితే లోపలికి వంగి మళ్లీ బయటికొస్తుంది. చీలితే మాత్రం అడవిలో అతకడం కష్టం. మీరు బీచ్ మనిషైతే పాలిమర్, రాళ్ల మనిషైతే ఉక్కు. ఏదైనా లోపల అడ్డుగోడలు ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే సగం ట్యాంకుతో మలుపు తిరిగినప్పుడు 60 కిలోల డీజిల్ ఒకేసారి పక్కకి ఒరుగుతుంది. ఇక్కడి డిజైన్ నియమాలకు, ఏడీఆర్‌కు, సరిపోతుందని కాగితం ఇవ్వమనండి, దాన్ని ఇన్సూరెన్స్ వాళ్లకి పంపి చెప్పండి.

డీజిల్ మీటరు ముల్లు సంగతి ఎవరూ ముందు చెప్పరు. పాత ఫ్లోటు (ట్యాంకులో తేలుతూ మట్టం చెప్పేది) కొలతకి, కొత్త ట్యాంకు లోతుకి పొంతన ఉండదు. కొన్నిటిలో నిండుగా కొట్టించాక రెండొందల కిలోమీటర్లు ముల్లు ఫుల్ మీదే నిలబడి, తర్వాత గబగబా దిగుతుంది. "ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చు" అని తెర మీద వచ్చే అంకె 80 లీటర్ల ట్యాంకు అనుకునే లెక్క కడుతుంది, దాన్ని నమ్మొద్దు. మొదటి రెండు నింపుళ్లు ఒక పుస్తకంలో రాసుకోండి: ముల్లు ఎక్కడుంటే ఎన్ని లీటర్లు పట్టిందో.

ఇంకోటి, గాలి పైపు. నేను ఒకప్పుడు పనిచేసిన షాపులో ఒక బండి మూడుసార్లు తిరిగొచ్చింది. బంకులో నాజిల్ పెడితే ఐదు లీటర్లకోసారి టక్కున ఆగిపోతోంది. యజమాని పాపం అర్ధగంట నిలబడి నింపేవాడట, వెనక లైన్లో హారన్లు. బండి పైకెత్తి టార్చి వేసి చూశాను. ట్యాంకులోంచి గాలి బయటికొచ్చే పైపు ఛాసీ మీదుగా తిరిగే చోట, వేలితో నొక్కినట్టు మడత పడి ఉంది. డీజిల్ దిగాలంటే గాలి బయటికి రావాలి కదా. జానెడు పైపు తీసి గుండ్రంగా తిప్పి మళ్లీ బిగిస్తే పది నిమిషాల పని. బిగించినవాడు ఆ బండిలో ఒక్కసారైనా డీజిల్ కొట్టించి చూసుంటే యజమానికి ఆ తిప్పలు ఉండేవి కావు. అందుకే షాపు నుంచి నేరుగా బంకుకి వెళ్లి, ఫుల్ చేయించి, కింద వంగి చూసి, అప్పుడు ఇంటికి వెళ్లండి. వెయ్యి కిలోమీటర్లయ్యాక పట్టీల బోల్టులు మళ్లీ బిగించుకోవాలి.

ఆలిస్_అక్క | మార్చి 15, రాత్రి 8:05

పానా గారి పోస్టు పైన పిన్ చేయండి ఎవరైనా.

ఒక్కటి కలుపుతాను. పెద్ద ట్యాంకంటే పెద్ద పందెం కూడా. చెడ్డ డీజిల్, నీళ్లు కలిసినది పడిందంటే 140 లీటర్లూ పాడే. క్యాన్లయితే ఒకటి చెడినా మిగతావి విడిగా ఉంటాయి.

పానా_పదమూడు | మార్చి 15, రాత్రి 8:20

నిజం అక్కా. అందుకే ట్యాంకుతో పాటు నీళ్లు వేరుచేసే రెండో ఫిల్టరు పెట్టమంటాను. ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే ఈ కామన్ రైల్ ఇంజెక్టర్లు నీటి చుక్కకి కూడా అలుగుతాయి. ఏడాదిలో పది నెలలు సగం ట్యాంకుతో ఇంటి ముందు నిలబెడితే లోపల తేమ చేరి, నీరూ డీజిలూ కలిసే చోట నల్లటి పాచి పడుతుంది. ఎక్కువ రోజులు ఆపితే నిండా పోసి ఆపండి.

కాల్గూర్లీ_కొత్తగూడెం | మార్చి 15, రాత్రి 10:30

ఉక్కు, ప్లాస్టిక్ ఒకటే అంటే నేను ఒప్పుకోను పానా అన్నా. అన్ బీడెల్ రోడ్డు పొడుగునా రేకుల షెడ్డు మీద పోయినట్టు ఉంటది. ఎనిమిది వందల కిలోమీటర్లు అదే ఊపు. నాతో వచ్చిన బండికి ఉక్కు ట్యాంకు బ్రాకెట్ వెల్డింగ్ కాడ వెంట్రుకంత పగులు వచ్చింది. ఈము ఫీల్డ్ కాడ, 1953ల బ్రిటిషోళ్లు అణుబాంబు పేల్చిన జాగ అది, అక్కడ కింద పడుకొని రాట్చెట్ పట్టీతో ట్యాంకును ఛాసీకి కట్టినం. నా బండిది ప్లాస్టిక్, ఏం కాలే.

పానా_పదమూడు | మార్చి 15, రాత్రి 10:45

అన్నా, పగిలింది బ్రాకెట్, ట్యాంకు కాదు. ప్లాస్టిక్ ట్యాంకుని మోసేదీ ఉక్కు పట్టీలే కదా! అయినా ఉక్కు కాబట్టే పట్టీ వేసి బిగించగలిగారు.

కాల్గూర్లీ_కొత్తగూడెం | మార్చి 15, రాత్రి 10:52

మాటల్లో నీతోని గెలవలేం.

సిడ్నీ_చిన్నోడు | మార్చి 16, ఉదయం 8:30

కోనసీమ బ్రో, జీవీఎం అప్‌గ్రేడ్ చేయించేయ్ కదా. నాలుగొందల కిలోలు పెరుగుతుంది, తలనొప్పి పోద్ది.

పానా_పదమూడు | మార్చి 16, ఉదయం 9:10

రోగం ఒకటైతే మందు ఇంకోటి. దాని బదులు బండిలోంచి అక్కర్లేనివి దింపొచ్చు. దింపడానికి పైసా ఖర్చు లేదు.

కోనసీమ_హైలక్స్ | మార్చి 23, సాయంత్రం 5:00

నిర్ణయం తీసుకున్నాం. ఈసారికి క్యాన్లే. ఉక్కువి, కొత్తవి మూడు. వెనక డ్రాయర్లు విప్పి గరాజ్‌లో పెట్టేశాను. రెండు డ్రాయర్లు, వాటి పైన చెక్క కలిపి బాత్రూం కాటా మీద ముక్కలు ముక్కలుగా తూచాను, 74 కిలోలు. ఇన్నాళ్లూ 74 కిలోల పెట్టెలో ఇరవై కిలోల గిన్నెలు మోశాను. గిన్నెలు ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాల్లో. పైన ర్యాక్ కూడా తీసేశాను. వించ్ మాత్రం ఉంచాను, మా ఆవిడ చూపు భరిస్తూ.

బియ్యం ముందు సీటు వెనక, క్యాబిన్‌లో :) అక్కా, థాంక్స్.

ఆలిస్_అక్క | మార్చి 23, సాయంత్రం 5:20

చల్లగా ఉండు తమ్ముడూ. మౌంట్ డేర్‌లో ధర చూసి గుండె పట్టుకోకు, అంత దూరం ట్యాంకరు రావాలిగా. చవగ్గా ఉందని ముందు ఊళ్లోనే అంతా నింపుకుని, అక్కడ టాయిలెట్టు వాడి వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. వాళ్ల దగ్గర కొంతైనా కొట్టించండి, ఒక టీ తాగండి. ఎడారి పార్కుల పాసు, బండి ముందు పొడుగు జెండా మర్చిపోవద్దు. దిబ్బ అవతలి నుంచి వచ్చేవాడికి ముందు కనపడేది ఆ జెండానే.

కోనసీమ_హైలక్స్ | జులై 20, రాత్రి 9:15

దాటేశాం! నిన్న ఇల్లు చేరాం. ఫొటోలు రేపు, ముందు డీజిల్ లెక్క.

మౌంట్ డేర్‌లో అంచుదాకా నింపాను, బర్డ్స్‌విల్‌లో మళ్లీ అంచుదాకా. మీటరు మీద 527 కిలోమీటర్లు. మొత్తం తాగింది 98 లీటర్లు. అంటే వందకి 18.6. కొత్తగూడెం అన్న గీసిన గీత మీదే నడిచినట్టుంది. 42 లీటర్లు మిగిలాయి, కాబట్టి నిద్ర బాగా పట్టింది. టైర్లు 16లో ఉంచాం. బిగ్ రెడ్ అనే పెద్ద దిబ్బ మూడోసారికి ఎక్కాం, చిన్నది వీడియో తీసింది, అందులో నా అరుపులు ఎక్కువ.

క్యాన్లతో అసలు ఇబ్బంది బరువు కాదు, పోయడం. ట్యాంకులో చోటు పడగానే పోసేయాలనుకుని రెండో సాయంత్రం దిబ్బల మధ్య ఆగాను. 20 లీటర్ల క్యాను భుజం ఎత్తున పట్టుకోవాలి. గాలి. గరాటు అంచు మీద ఇసుక రేణువులు గిరగిరా తిరుగుతూ లోపలికి జారుతుంటే మా ఆవిడ తన చున్నీ అడ్డుపెట్టింది. ఆ చున్నీ ఇప్పుడు లేదు. రెండో క్యాను నుంచి తెలివొచ్చింది. క్యాను టెయిల్ గేటు మీద పెట్టి, చివర గోళీ ఉన్న జిగ్లర్ పైపుని డీజిల్‌లో నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే దానంతటదే కారిపోయింది. గరాటు అక్కర్లేదు.

ఇంకో మాట. పర్నీ బోర్ దగ్గర ఒక పెద్దాయన, 79 సిరీస్ క్రూజర్, 130 లీటర్ల ట్యాంకు ఆయనది, మా క్యాన్లు చూసి నవ్వి "వచ్చే ఏడాది కలుద్దాం, ఈసారి అవి లేకుండా" అన్నాడు.

కాల్గూర్లీ_కొత్తగూడెం | జులై 20, రాత్రి 9:40

శభాష్. వచ్చే ఏడు అన్ బీడెల్ పెట్టుకుందామా? కూబర్ పీడీ కాడ కలుస్త. 770 కిలోమీటర్లకు వందకి 15 వేస్కో, 116. రిజర్వుతో 145. నీ 80, మూడు క్యాన్లు కలిపితే 140. చాలదు. పర్మిట్లు మూడు నాలుగు కావాలె, వూమెరా నిషేధిత ప్రాంతంది కూడా, ఇప్పటినుంచే అడగాలె.

కోనసీమ_హైలక్స్ | జులై 20, రాత్రి 10:05

140 ట్యాంకు, ఒక్క క్యాను. 160. సరిపోతుందా అన్నా?

కాల్గూర్లీ_కొత్తగూడెం | జులై 20, రాత్రి 10:08

సరిపోతది.

కోనసీమ_హైలక్స్ | జులై 20, రాత్రి 10:30

పానా గారూ, డ్రాయర్లు శాశ్వతంగా అమ్మేస్తున్నాను, ఆ బరువు మీ ట్యాంకుకి. రాళ్ల దారి కదా, ఉక్కుదే పెట్టండి. రెండో ఫిల్టరు కూడా. సిటీలో మాత్రం సగమే కొట్టిస్తాను, పెద్దదుంది కదా అని నింపాలని రూలేం లేదు.

కాల్గూర్లీ_కొత్తగూడెం | జులై 20, రాత్రి 10:33

ఉక్కా?! నేను చెప్పింది ఏం విన్నవ్ తమ్మీ?

పానా_పదమూడు | జులై 21, ఉదయం 6:05

కొత్తగూడెం అన్నా, లేటయ్యావు :)

కోనసీమ గారూ, ఆగస్టు రెండో వారంలో బుధవారం ఖాళీ ఉంది. ఉదయం ఏడింటికి బండి వదిలేయండి, సాయంత్రానికి ఇస్తాను. డ్రాయర్లు అమ్మకముందు ఒక ఫొటో పెట్టండి, నా దగ్గర అడిగేవాళ్లున్నారు. వచ్చేటప్పుడు ట్యాంకు దాదాపు ఖాళీగా తీసుకురండి. పోయిన నెల ఒకాయన దారిలో ఫుల్ చేయించుకుని వచ్చాడు, ఆ 80 లీటర్లూ తోడి పోయడానికి బకెట్లు పక్క షాపు నుంచి తెచ్చుకోవాల్సొచ్చింది.